ఊరంతా ఒకే కప్పు కింద!

హిమాయత్‌నగర్ వీధుల్నీ నారాయణగూడ కొట్లనీ చిక్కడపల్లి ఇళ్లనీ అశోక్‌నగర్ హాస్టళ్లనీ ఎత్తుకెళ్లి ఒకే భవనంలో సర్దేస్తే ఎలా ఉంటుంది? ఇల్లు తొమ్మిదో అంతస్తులో, పిల్లల బడి పదిహేడులో. ఉప్పు అయిపోతే ఏడుకి దిగితే చాలు. సాయంత్రం నడకకి డాబా. గేటు దాటే పనే లేదు!

చండీగఢ్‌కి రూపమిచ్చిన లె కార్బూజియే ఇలాంటిది ఫ్రాన్స్‌లోని మార్సేల్లో నిజంగానే కట్టాడు. 1952లో పూర్తయిన ఆ భవనంలో 337 ఇళ్లు, దాదాపు 1,600 మందికి చోటు. ఏడు, ఎనిమిది అంతస్తుల్లో ఏకంగా ఓ బజారు వీధి. డాబామీద చిన్నపిల్లల బడి, వ్యాయామశాల, నీటికొలను. ఇళ్లకు మంచి పేరొచ్చింది. దెబ్బతిన్నది బజారే. కూరగాయల కోసం ఏడో అంతస్తు ఎక్కే బయటివాళ్లెవరుంటారు? లోపలి కుటుంబాల్ని మాత్రమే నమ్ముకుని బేకరీ, మాంసం కొట్టు, పచారీ దుకాణం అన్నీ బతకడం కష్టం. క్రమంగా ఆ గదుల్లోకి ఆఫీసులు వచ్చాయి.

పావొలో సొలేరీ కల ఇంకా పెద్దది. అయిదువేల మందితో నగరాన్ని ఒకే కట్టడంగా మలచాలని 1970లో అమెరికాలోని అరిజోనాలో ఆర్కోశాంతి మొదలుపెట్టాడు. ఆయన 2013లో కన్నుమూసేనాటికి అక్కడ ఉంటున్నవాళ్లు వందలోపే. ఇక అలాస్కాలోని విట్టియర్‌లో మాత్రం ఊరి జనంలో ఎక్కువమంది పద్నాలుగు అంతస్తుల బెగిచ్ టవర్స్‌లోనే ఉంటారు. పోస్టాఫీసు, దుకాణం అన్నీ అందులోనే, బడికి సొరంగంలోంచి దారి. బయట కాలు పెట్టనివ్వని మంచు మరి!

అంతదూరం ఎందుకు... గోడల మధ్య ఓ చిన్న లోకాన్ని నారాయణగూడ పక్కనే చూశాం. ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీఖాన్ నివాసం కింగ్‌కోఠి. కుటుంబం, పరివారం, నౌకర్లు, కాపలాదారులు అంతా ఆ ప్రాంగణంలోనే. గేటుకి వేలాడే పరదా పైకెత్తి ఉంటే ప్రభువు బయటికెళ్లినట్టని చెప్పుకునేవారు. ఆ లోకమంతా ఒక్క మనిషి చుట్టూ తిరిగేది. 1967లో ఆయన పోయాక అది నిలవలేదు. ఆ ప్రాంగణంలో కొంతభాగం సర్కారు ఆసుపత్రి అయింది.

అక్కణ్నుంచి చిక్కడపల్లి వైపు నడిస్తే కథ వేరు. నగర కేంద్ర గ్రంథాలయంలో పొద్దున్నే చోటు పట్టుకునే గ్రూప్స్ అభ్యర్థుల్లో ఎక్కువమంది జిల్లాల నుంచి వచ్చినవాళ్లు. అశోక్‌నగర్ హాస్టళ్లూ మెస్సులూ జిరాక్సు సెంటర్లూ వాళ్లమీదే నడుస్తాయి. త్యాగరాయ గానసభలో కచేరీకి వచ్చేవాళ్లూ, ఆర్టీసీ క్రాస్‌రోడ్స్‌లో సినిమాకి వచ్చేవాళ్లూ పేటవాళ్లే కానక్కర్లేదు. ఈ వీధుల్లో పగలు కనిపించే జనంలో ఎంతమంది ఇక్కడే పడుకుంటారో లెక్కతీస్తే తమాషాగా ఉంటుంది.

అలాంటి పేటని నిలువుగా పేర్చాలంటే నీళ్లూ లిఫ్టులే పెద్ద చిక్కనిపిస్తుంది. చిన్న విషయమేం కాదు. పట్టణాల్లో మనిషికి రోజుకి 135 లీటర్ల లెక్కన అయిదువేలమందికి ఆరులక్షల డెబ్భై అయిదువేల లీటర్లు పైకి తోడాలి. పదివేల లీటర్ల ట్యాంకర్లయితే అరవై ఎనిమిది! కానీ పంపులకీ పైపులకీ ఇంజినీర్ల దగ్గర జవాబుంది. అసలు చిక్కు గేటు దగ్గర. పుస్తకాల సంచీతో వచ్చిన పాలమూరు కుర్రాణ్ని వాచ్‌మన్ ‘ఎవరింటికి?’ అని ఆపితే ఏం చెబుతాడు? అతనిక్కడ చుట్టమూ కాదు, అద్దెకున్నవాడూ కాదు.

అందుకే గ్రంథాలయం, మెస్సు, కొట్లు రోడ్డువైపు నేలమీదే ఉండాలి. ఈ చివర నుంచి ఆ చివరికి ఎవరైనా అడగకుండా నడిచిపోయే దారీ ఉండాలి. హిమాయత్‌నగర్ మెయిన్‌రోడ్డు మీద కింద దుకాణాలు, పైన ఇళ్లతో లేచిన అపార్ట్‌మెంట్లు ఆ పని ఎప్పుడో చేశాయి, ఏ వాస్తుశిల్పి సిద్ధాంతాన్నీ చదవకుండానే. కాకపోతే ఆ దుకాణాలకి వచ్చేవాళ్ల బళ్లు ఎక్కడ పెట్టాలన్నది మాత్రం వాటికీ ఇంకా తేలని లెక్కే.