జీపు ఎత్తు పెరిగింది, కుదుపులూ పెరిగాయి

“దీనికన్నా డోలీయే నయం బాబూ!”

తుంటి ఎముక విరిగిన ఒక పెద్దామెను మన్యంలోని కొండ గూడెం నుండి మా జీపులో ఆసుపత్రికి తీసుకువస్తుండగా ఆమె అన్న మాట ఇది. రోగులను డోలీ మోత నుండి తప్పించాలనే మేము ఆ జీపు నడుపుతున్నాము. ఆమె మాట మమ్మల్ని ఆలోచింపజేసింది. ఆ బండికి ఎత్తు పెంచి అప్పటికి నెల రోజులు కూడా కాలేదు.

మా సంచార వైద్య బృందం వాడే జీపు పాతది. ముందూ వెనుకా కమాన్ కట్టలున్న బండి. వానాకాలంలో దారి మధ్య బండరాళ్లు తేలి అడుగు భాగానికి తగిలేవి. అందుకని ఒక షెడ్డుకు తీసుకువెళ్లి మూడు అంగుళాలు ఎత్తించాము. “ఎత్తుగా ఉండాలి, గట్టిగా ఉండాలి” అని మేమే అడిగాము. అడిగినట్టే చేసి ఇచ్చారు. ప్రతి కట్టలో ఒక మందపాటి పట్టీ అదనంగా వేశారు, షాకిళ్లు పొడవైనవి బిగించారు. షాక్ అబ్జార్బర్లు పాతవే ఉంచారు. ఖర్చు తగ్గుతుందని మేమూ సరేనన్నాము.

మొదటి వారం చాలా సంతోషించాము. ఆ తరువాత ఒక్కొక్క ఇబ్బందీ బయటపడింది.

ఎత్తు ఎక్కడ పెరిగింది?

ఇటువంటి జీపులో రెండు వెనుక చక్రాలనూ కలిపే ఇరుసు ఒకటే. దాని మధ్య గుండ్రంగా ఉండే హౌసింగే అన్నిటికన్నా కిందికి ఉంటుంది. కమాన్లు ఎత్తితే ఇరుసు పైనున్న ఛాసిస్, బాడీ లేస్తాయి గాని హౌసింగ్ లేవదు. అది లేవాలంటే పెద్ద టైర్లు వేయాలి. టైరు రెండు అంగుళాలు పెద్దదైతే హౌసింగ్ ఒక్క అంగుళం లేస్తుంది. అంటే మూడు అంగుళాలు ఎత్తించినా హౌసింగుకు తగిలే రాయి తగులుతూనే ఉంది. ఈ సంగతి ముందుగా తెలుసుకోకపోవడం మా తప్పు.

కుదుపు ఎందుకు పెరిగింది?

అదనపు పట్టీతో కమాన్లు బిరుసెక్కాయి. నిండా బరువు ఉంటేనే అవి వంగుతాయి. మా బండిలో మాత్రం నలుగురు మనుషులు, ఒక మందుల పెట్టె ఉంటారంతే. కమాను వంగకపోతే దారిలోని ప్రతి దెబ్బా సీటు దాకా వస్తుంది.

షాక్ అబ్జార్బర్లది మరో కథ. ఎత్తు పెరిగాక అవి పొట్టివైపోయాయి. చక్రం గోతిలోకి దిగగానే షాకు పూర్తిగా సాగిపోయి టక్కున ఆగేది. ఆ దెబ్బ వెనుక బెంచీ మీద ఉన్నవారి నడుముకు తగిలేది.

బండి అదుపు కూడా తగ్గింది. ముందు ఇరుసు కోణం మారడంతో, మలుపు తిరిగాక స్టీరింగు దానంతట అది తిన్నగా రావడం మానేసింది. స్టీరింగు రాడ్డు ఏటవాలుగా మారి, రాయి ఎక్కినప్పుడల్లా చక్రం పక్కకు లాగేది. ప్రొపెల్లర్ షాఫ్టు కోణం మారినందువల్ల తారు రోడ్డు మీద బండి అదిరేది. ఇలాగే నడిపితే జాయింటు క్రాసులు త్వరగా అరిగిపోతాయి. చక్రం కిందికి వేలాడినప్పుడు బ్రేకు గొట్టం బిగుసుకుపోవడం చూసి మా డ్రైవరు భయపడ్డాడు. పైగా ఎత్తు పెరిగిన బండి ఘాటు మలుపుల్లో ఎక్కువగా ఒరుగుతుంది. బోల్తా ప్రమాదమూ పెరుగుతుంది.

శరీరానికి ఏమవుతుంది?

మామూలు కారు స్ప్రింగుల మీద సెకనుకు సుమారు ఒకటి, ఒకటిన్నర సార్లు మెల్లగా ఊగుతుంది. ఆ ఊపును శరీరం తట్టుకుంటుంది. కూర్చున్న మనిషికి సెకనుకు 4 నుండి 8 సార్లు వచ్చే నిలువు కంపనం అన్నిటికన్నా ఎక్కువ బాధ కలిగిస్తుంది. స్ప్రింగు బిరుసెక్కే కొద్దీ ఊపు వేగం పెరుగుతుంది, ఆపైన ఉన్నట్టుండి దెబ్బలు తగులుతాయి.

ఎముక విరిగినవారిలో, కుదుపుకు విరిగిన కొనలు కదిలి నొప్పి, రక్తస్రావం పెరుగుతాయి. గర్భిణులు తీవ్రమైన కుదుపులకు పదే పదే గురికాకూడదు. రోజూ బండి నడిపేవారికి నడుము నొప్పి వచ్చే అవకాశం ఎక్కువ. ఐరోపా దేశాలు 2002లోనే, పనివారి శరీరానికి రోజుకు ఎంత కంపనం మించకూడదో చట్టంలో రాసుకున్నాయి. మన వృద్ధులకు మరో కష్టం కూడా ఉంది. మూడు అంగుళాలు పెరిగిన మెట్టు మోకాళ్ల నొప్పులున్నవారికి గోడ ఎక్కినట్టే.

మేము ఏం చేశాము?

ముందుగా మా డాక్టరు గారు తానే స్ట్రెచర్ మీద పడుకుని, అదే దారిలో తిప్పమన్నారు. రెండు కిలోమీటర్లు పోగానే “ఆపండి, తెలిసింది” అన్నారు.

అదనపు పట్టీలు తీయించాము. సన్నని పట్టీలు ఎక్కువగా ఉండే మెత్తని కమాన్ కట్టలు వేయించి, ఎత్తును ఒకటిన్నర అంగుళానికి తగ్గించాము. ఆ ఎత్తుకు సరిపడే పొడవున్న షాకులు, బ్రేకు గొట్టాలు వేయించాము. ఇరుసు కోణం, షాఫ్టు కోణం, వీల్ ఎలైన్‌మెంటు సరిచేయించాము. సుమారు 500 కిలోమీటర్లు నడిచాక యు బోల్టులు మళ్లీ బిగించాము. రాళ్ల దారిలో టైర్లలో గాలి కొంచెం తగ్గించి నెమ్మదిగా నడుపుతాము, తారు రోడ్డు ఎక్కే ముందు తిరిగి నింపుతాము. రోగిని వెనుక ఇరుసు మీద కాక, వీలైనంత ముందుకు పడుకోబెడతాము. ఎక్కడానికి చెక్క పీట ఒకటి పెట్టుకున్నాము.

ఆ పెద్దామె మళ్లీ చూపించుకోవడానికి అదే జీపులో వచ్చింది. ఈసారి డోలీ మాట ఎత్తలేదు. “పీట సరిగ్గా వెయ్యి బాబూ” అని మాత్రం అంది.

మీ బండి ఎత్తించే ముందు

ఈ మధ్య మన కుటుంబాల్లోని యువకులు చాలామంది తమ బండ్లు ఎత్తిస్తున్నారు. వారికి మా అనుభవం నుండి కొన్ని మాటలు:

1. నిజంగా అవసరమా అని ఆలోచించండి. చాలా దారులకు మంచి టైర్లు, నెమ్మదైన డ్రైవింగు చాలు.
2. ఎత్తుతో పాటు షాకులు, బ్రేకు గొట్టాలు, ఇరుసు కోణం కూడా సరిచేయించండి. సగం పని చేయించవద్దు.
3. ముందు చక్రాలు విడివిడిగా కదిలే బండ్లలో ఎత్తు ఎక్కువైతే డ్రైవ్ షాఫ్టు జాయింట్లు, బాల్ జాయింట్లు త్వరగా అరుగుతాయి.
4. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షను బండి మార్పులపై పరిమితులు పెట్టింది. తయారీదారు ఇచ్చిన వివరాలకు విరుద్ధమైన మార్పులు చెల్లవని 2019లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పింది. ముందుగా రవాణా కార్యాలయంలోను, బీమా సంస్థలోను అడగండి.
5. ఎత్తించాక నడుము నొప్పి, కాళ్లలో తిమ్మిరి వస్తే నిర్లక్ష్యం చేయకుండా డాక్టరుకు చూపించుకోండి.
6. వెన్నెముకకు దెబ్బ తగిలిందని అనుమానం ఉంటే ఆ వ్యక్తిని లేపి జీపులో కూర్చోబెట్టవద్దు. 108కి ఫోను చేయండి.

బండి బాగుందో లేదో అడగాలంటే డ్రైవరు ఒక్కడినే అడగకండి. వెనుక సీటులో కూర్చున్న అమ్మమ్మనూ అడగండి.