కొనేముందు ఎన్ని గుళ్లు కాల్చారో అడగండి

పంట కాపలాకు భర్మార్ అడిగే రైతుకూ, నడుముకు పెట్టుకునే రివాల్వర్ అడిగే కాంట్రాక్టరుకూ చట్టం ఒకే జవాబు చెప్పదు. 1959 నాటి ఆయుధాల చట్టం 13వ సెక్షన్ చదివితే సంగతి తెలుస్తుంది. నిజంగా పంట కాపాడుకోవడానికే గొట్టం మూతినుంచి మందు కూరే తుపాకి (అదే భర్మార్) అడిగినా, ఆత్మరక్షణకో ఆటకో 20 అంగుళాలకు తగ్గని నున్నటి గొట్టం తుపాకి అడిగినా, వేరే అభ్యంతరాలు లేకుంటే అధికారి లైసెన్సు ఇవ్వాలి. చేతి తుపాకికి ఆ వెసులుబాటు లేదు. తగిన కారణం ఉందని అధికారికి నమ్మకం కుదరాలి. కవ్వాల అడవి అంచున అడవిపందులతో వేగే ఆసామికి దారి కొంత సులువు. కరీంనగర్‌లో రియల్ ఎస్టేట్ వ్యాపారి మాత్రం తన ప్రాణానికి ముప్పు ఎవరినుంచో, ఎందుకో కాగితం మీద చూపించాలి.

వయసు 21 నిండాలి. 2016 నాటి ఆయుధాల నిబంధనల ప్రకారం తుపాకి వాడకంలో, భద్రతలో శిక్షణ తీసుకున్నట్టు పత్రం కావాలి. 2019 సవరణ తర్వాత లైసెన్సు గడువు మూడేళ్లనుంచి ఐదేళ్లకు పెరిగింది, ఒక మనిషి దగ్గర ఉండదగిన తుపాకులు మూడునుంచి రెండుకు తగ్గాయి. దుకాణం మెట్టు ఎక్కేది ఇదంతా అయ్యాకే.

బోర్ వెనక కథ

సినిమాల్లో హీరో పట్టుకునే 9 ఎంఎం పిస్టల్ మామూలు లైసెన్సుదారుకు దొరకదు. బోర్ అంటే గొట్టం లోపలి వెడల్పు, దీనిది నిషిద్ధ బోర్. దాని బలం ఎక్కువని ఆపారని చాలామంది అనుకుంటారు కానీ అసలు లెక్క వేరు. పోలీసులు, సైన్యం వాడే తూటా పట్టే తుపాకి జనం దగ్గర ఉండకూడదన్నది నియమం. ఠాణానుంచో పటాలంనుంచో తూటాలు బయటికి పోతే, వాటిని కాల్చగల తుపాకి ఇళ్లలో ఉండొద్దని ఈ అడ్డుగోడ. అందుకే మన దగ్గర చేతి తుపాకి అంటే దాదాపుగా .32 బోర్ అనే అర్థం. రివాల్వర్‌లో వేసే .32 తూటాను స్మిత్ అండ్ వెస్సన్ కంపెనీ 1896లో తెచ్చింది. పిస్టల్‌లో వాడే .32 తూటా 1899లో జాన్ బ్రౌనింగ్ రూపొందించినది. ఈ రెండూ ఒకదాని బదులు ఒకటి వేసుకునేవి కావు. పెట్టె మీద .32 అని ఉంటే చాలనుకోకూడదు.

కాన్పూరు, సండీలా

విదేశీ తుపాకుల దిగుమతి మామూలు పౌరులకు 1980ల నడుమనుంచే మూతపడింది. ఆ పాత దిగుమతి సరుకే చేతులు మారుతూ, ధర పెరుగుతూ తిరుగుతోంది. కొత్తది కావాలంటే ఎక్కువమంది చూపు కాన్పూరు వైపే. అక్కడి ప్రభుత్వ కర్మాగారం .32 రివాల్వర్‌కు మూలం బ్రిటిష్ కాలపు వెబ్లీ. గొట్టాన్ని కిందికి వంచితే వెనక గుళ్లు పట్టే చక్రం తెరుచుకుంటుంది, కాల్చిన ఖాళీ గుళ్లు ఒక్కసారిగా పైకి లేస్తాయి. అదే పేరున్న వెబ్లీ అండ్ స్కాట్ సంస్థ కూడా ఉత్తరప్రదేశ్‌లోని సండీలాలో స్థానిక భాగస్వామితో కలిసి తయారీ మొదలుపెట్టింది.

2014లో కాన్పూరునుంచి ‘నిర్భీక్’ వచ్చింది. ఢిల్లీ నిర్భయ ఘటన తర్వాత ఆడవాళ్ల కోసమని ప్రకటించారు. టైటానియం మిశ్రలోహం, అర కిలో బరువు, నగల పెట్టెలాంటి మెరూన్ డబ్బా. ధర మాత్రం అప్పట్లో దాదాపు 1.22 లక్షల రూపాయలు. ఆ ధర పెట్టగలిగే ఆడవాళ్లు ఈ దేశంలో ఎందరని అప్పుడే చాలామంది గట్టిగా అడిగారు. అడగాల్సిన ప్రశ్నే అది. బీడీలు చుట్టే సిరిసిల్ల అక్కకు, కైకిలికి పోయే ఉట్నూరు చెల్లెకు రాత్రిపూట వీధి దీపం, సమయానికి బస్సు, ఫోను ఎత్తే ఠాణా ఆ డబ్బాకంటే ముందు కావాలి.

తర్వాత ఈశాపూర్ కర్మాగారంనుంచి పావు కిలో బరువున్న .22 ‘నిడర్’ వచ్చింది. 2021 అక్టోబరు 1న ఆయుధ కర్మాగారాల బోర్డును 7 కంపెనీలుగా విడదీశాక, వాటిలో ఒకటి 2023 ఆగస్టులో ‘ప్రబల్’ రివాల్వర్ విడుదల చేసింది. 50 మీటర్ల దూరం కొడుతుందని, చక్రం పక్కకు తెరుచుకుంటుందని చెప్పుకొంది.

అనుభవాన్ని తూచడం

తుపాకి ఉన్నవాళ్లను అడిగితే ప్రతి ఒక్కరూ ఏదో ఒకటి చెబుతారు. ‘మస్తుంటది’, ‘దెబ్బ గట్టిగ తగుల్తది’, ‘పిస్టల్ ఇరుక్కుంటది, రివాల్వరే మంచిది’. వీటిలో దేనికి విలువ ఇవ్వాలో తేల్చే ప్రశ్న ఒక్కటే ఉంది: మీరు దాంతో ఇప్పటిదాకా ఎన్ని గుళ్లు కాల్చారు?

ఈ ప్రశ్నకు చాలాచోట్ల మౌనమే జవాబు. మన దేశంలో ఎక్కువమంది లైసెన్సుదారులు ఏళ్ల తరబడి తుపాకిని బీరువాలో పెట్టి తీస్తారు, నూనె రాస్తారు, చుట్టాలకు చూపిస్తారు. కాల్చేది అరుదు. పొలం గట్టున కాల్చి చూసుకోవడానికి వీల్లేదు, శిక్షణ రేంజి అందుబాటులో ఉండదు, తూటాల కొనుగోలుకు లైసెన్సు మీదే హద్దు ఉంటుంది. అటువంటి యజమాని చెప్పేది పట్టుకున్న అనుభవమే. అదీ పనికొస్తుంది, పిడి చేతిలో కుదిరిందా, నడుముకు బరువయిందా అన్నంతవరకు. గురి గురించి, వెనక్కి తన్నే గుణం గురించి అతని మాట మీద లక్ష రూపాయలు పెట్టకూడదు.

కాల్చినవాళ్లు చెప్పే మాటలు వేరుగా ఉంటాయి. వాళ్లు మొదట ట్రిగ్గర్ గురించి మాట్లాడతారు. హ్యామర్ వెనక్కి లాగకుండా నేరుగా కాల్చాలంటే రివాల్వర్ ట్రిగ్గర్ మీద సాధారణంగా నాలుగైదు కిలోల బలం పడాలి. ఆ బలం పెట్టేసరికి గొట్టం పక్కకు జరుగుతుంది, గురి తప్పుతుంది. చిన్న చేతులవాళ్లకు, వయసు పైబడి వేళ్ల పట్టు సడలినవాళ్లకు ఇదే అసలు అడ్డంకి. తేలికైన తుపాకి మోయడానికి హాయిగా ఉంటుంది కానీ పేలినప్పుడు వెనక్కి తన్నే దెబ్బను అరచేయే తినాలి. బరువైన తుపాకి ఆ దెబ్బలో కొంత తనే మింగుతుంది. దుకాణంలో అర కిలో తుపాకి చూసి మురిసిపోయేవాళ్లు ఈ మాట గుర్తుంచుకోవాలి.

రివాల్వరా పిస్టలా అన్న తగాదాలో రెండువైపులా నిజం ఉంది. గుండు పేలకుండా తుస్సుమంటే, రివాల్వర్‌లో మళ్లీ ట్రిగ్గర్ నొక్కితే చక్రం తిరిగి తర్వాతి గుండు వస్తుంది. పిస్టల్‌లో స్లైడు లాగి ఆ గుండును బయటపడేయాలి, కంగారులో ఆ పని అలవాటున్న చేతికే వస్తుంది. పిస్టల్ ఇరుక్కుందని యజమాని చెబితే మ్యాగజైన్ పాతదా, తూటాలు ఏ ఏటివి, ఎప్పుడు శుభ్రం చేశారు అని అడగండి. తప్పు చాలాసార్లు అక్కడే ఉంటుంది.

వాన మరో పరీక్ష. ఉమ్మడి ఆదిలాబాద్‌లో ఏటా 1000 మిల్లీమీటర్లకు పైగా కురుస్తుంది. తోలు ఒర చెమ్మను పట్టి ఉంచుతుంది కాబట్టి తుపాకిని అందులోనే నెలల తరబడి ఉంచితే ఉక్కు తుప్పు పడుతుంది. పోయిన వానాకాలం ఎక్కడ దాచారన్న ప్రశ్నకు వచ్చే జవాబునుబట్టి యజమాని శ్రద్ధ తెలిసిపోతుంది.

ఇస్ఫహాన్ వర్తకుడి పద్ధతి

ఆయుధాల సరుకును పరీక్షించి కొనడంలో ఈ ప్రాంతానికి పాత పాఠం ఒకటుంది. గోదావరికి దక్షిణాన, నేటి నిజామాబాద్ జిల్లాలోని కోనసముద్రం ఊళ్లో మూసల్లో కరిగించి తీసే ఉక్కు పర్షియాదాకా పోయేది. డమాస్కస్ కత్తులకు వాడిన రకం ఉక్కు అది. నిర్మల్ దగ్గరి దిమ్మదుర్తి ఇనుప ఖనిజానికీ ఆ పనిలో పేరుండేది. హెన్రీ వాయిసీ అనే భూగర్భ పరిశోధకుడు ఆ కొలుములను కళ్లారా చూసి రాసిన వివరం 1832లో అచ్చయింది. ఇస్ఫహాన్‌నుంచి వచ్చిన హాజీ హుసేన్ అనే వర్తకుడు ఆయనకు అక్కడ కనిపించాడు. అంత దూరంనుంచి వచ్చినవాడు పేరు విని మూటలు కట్టించుకోలేదు. కొలిమి పక్కనే ఉండి పాళ్లు తూయించి, ప్రతి ముద్దా సాగుతుందో లేదో తనే పరీక్షించుకుని తీసుకున్నాడు. అంతకు ముందొకసారి కొని లాభం చూసిన మనిషి అయ్యుండీ మళ్లీ పరీక్షించాడు. తుపాకి కొనేవాళ్లకు ఇంతకంటే మంచి ఆదర్శం నాకు కనబడలేదు.

లాక్కుపోయిన తుపాకులు

1978 సెప్టెంబరులో దొరల పెత్తనం మీద రైతు కూలీలు కదిలిన జగిత్యాల జైత్రయాత్ర జరిగింది. అదే ఏడు అక్టోబరులో సిరిసిల్ల, జగిత్యాల తాలూకాలను కల్లోలిత ప్రాంతాలుగా ప్రకటించారు. ఆ తర్వాతి ఏళ్లలో దొరల ఇళ్లలోని లైసెన్సు తుపాకులు నక్సలైటు దళాల చేతుల్లోకి పోవడం ఇక్కడివాళ్లకు తెలిసిన చరిత్రే. కాపాడుతుందని పెట్టుకున్న తుపాకి కోసమే ఇంటి మీదికి వచ్చిన రాత్రులు అవి. ఆనాటి పెద్దలు కొందరు ఇప్పటికీ తుపాకి మాట ఎత్తితే వద్దనే అంటారు. వాళ్లదీ యజమాని అనుభవమే, దాన్నీ తూచాలి.

ఠాణాలో జమ

ఎన్నికల కోడ్ రాగానే లైసెన్సు తుపాకులు ఠాణాలో జమ చేయమని ఆదేశాలు వస్తాయి. బ్యాంకుల కాపలా సిబ్బందివంటి వారికి మినహాయింపు ఉంటుంది. 2023 నవంబరు 30న శాసనసభ పోలింగు, 2024 మే 13న లోక్‌సభ పోలింగు జరగడంతో మన తెలంగాణలో ఒక్క ఏడాదిలోపే రెండుసార్లు ఈ తంతు నడిచింది. జమ చేసేముందు గొట్టంలో, చక్రంలో నూనె రాయాలని, రసీదులో నంబరు సరిచూసుకోవాలని అనుభవమున్నవాళ్లు చెబుతారు.

2020 డిసెంబరు, ఆదిలాబాద్

పట్టణంలోని తాటిగూడలో పిల్లల క్రికెట్ ఆట దగ్గర మొదలైన తగవు పెద్దలదాకా వచ్చింది. ఒక రాజకీయ పార్టీ జిల్లా నాయకుడు తన లైసెన్సు రివాల్వర్‌తో కాల్పులు జరిపాడు. ముగ్గురు గాయపడ్డారు, వారిలో ఒకరు హైదరాబాద్‌లో చికిత్స పొందుతూ చనిపోయారు. 2022లో కోర్టు జీవితఖైదు వేసింది. ఏ తుపాకి మంచిదని చర్చించే ప్రతిచోటా ఈ సంగతి కూడా బల్ల మీద ఉండాలి. ఆ సాయంత్రం రివాల్వర్ బీరువాలో తాళం వేసి ఉంటే ఒక మనిషి బతికి ఉండేవాడు, ఇంకొకడు తన ఇంట్లోనే ఉండేవాడు. కోపం వచ్చినప్పుడు చేతికి అందనంత దూరంలో, తూటాలు ఒకచోట, తుపాకి మరోచోట ఉండాలి. ఇంట్లో పిల్లలుంటే ఇందులో రాజీకి తావే లేదు.

బరాత్‌లో గాల్లోకి కాల్చే సరదాకు 2019 సవరణ రెండేళ్లదాకా జైలు, లక్ష రూపాయలదాకా జరిమానా, లేదా రెండూ పెట్టింది.

కొనకుండానే నేర్చుకోవచ్చు

4.5 మిల్లీమీటర్ల గుండు వాడే, బలం 20 జౌళ్లకు మించని ఎయిర్ పిస్టల్‌కు తుపాకి లైసెన్సు అక్కర్లేదు. పోటీల్లో దాన్ని 10 మీటర్ల దూరంనుంచి కాలుస్తారు, ట్రిగ్గర్ బరువు అర కిలోకు తగ్గకూడదు. హైదరాబాద్ అమ్మాయి ఈషా సింగ్ 2023లో జరిగిన హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో ఒక బంగారు పతకం, మూడు వెండి పతకాలు తెచ్చింది పిస్టల్‌తోనే. రివాల్వర్ కొనాలా వద్దా అని ఊగిసలాడేవాళ్లు ముందు కొన్ని నెలలు ఎయిర్ పిస్టల్ కాల్చి చూడడం మంచిది. తన చేతి నిలకడ ఎంతో, గురి ఎంతో అక్కడే తెలిసిపోతుంది.

వారసుల తుపాకి

యజమాని చనిపోతే తుపాకి కొడుక్కో కూతురికో తనంతట తాను రాదు. వారసులు తమ పేర లైసెన్సుకు దరఖాస్తు పెట్టుకోవాలి, లేదంటే దాన్ని ఠాణాలోనో లైసెన్సు ఉన్న డీలరు దగ్గరో జమ చేయాలి. యజమానికి 70 ఏళ్లు నిండినా, తుపాకి తన దగ్గర 25 ఏళ్లు ఉన్నా, బతికుండగానే వారసుణ్ని ఎంచుకుని మార్చమని అడగవచ్చు. అట్లా వద్దనుకున్న పాత వెబ్లీలు, కాన్పూరు రివాల్వర్లు డీలర్ల దగ్గరికి చేరతాయి. కొనేవాళ్లు తుపాకి ఖాళీగా ఉందని నిర్ధారించుకున్నాక గొట్టాన్ని వెలుతురుకు పెట్టి లోపలి గాడులు అరిగాయా చూడాలి. హ్యామర్ ఎక్కించినప్పుడు చక్రం కదలకుండా బిగిసి ఉందా, గొట్టం వంచే కీలు వదులయిందా అన్నవీ చూడాలి. అన్నిటికంటే ముందు తుపాకి మీద చెక్కిన నంబరునూ, కాగితాల్లోని నంబరునూ పక్కపక్కన పెట్టి చదవాలి. ఒక్క అంకె తేడా ఉన్నా డబ్బు చేతికివ్వకుండా లేచి రావాలి.