వేణువులో లేని గమకం

పెటాలింగ్ జయలోని అమ్‌కార్ప్ మాల్‌లో వారాంతపు సంతకెళ్ళి పాత ఎల్.పి.లు వెతకడం నా బలహీనత. పోయిన నెల మాత్రం ఇంకోచోట, కొత్తగా అచ్చయిన 180 గ్రాముల వేణువు రికార్డు కొన్నాను. రింగిట్లు బాగానే వదిలాయి. బరువెక్కువైతే నాదం బాగుంటుందని నా భ్రమ.

మొదటి కీర్తన హాయిగా సాగింది. చివరికొచ్చేసరికి, నిలిపిన ప్రతి స్వరమూ ఊగుతోంది. విద్వాంసుడు వేయని గమకం! వాచీ పెట్టి చూశాను: 1.8 సెకన్లకోసారి. నిమిషానికి 33⅓ చుట్లు కదా, ఒక చుట్టుకు పట్టే కాలం అదే. అంటే నడిమి చిల్లు పక్కకు పడిందన్నమాట. దీన్ని ఇంజనీర్లు 'వావ్' అంటారు, మెచ్చుకోలుగా కాదు లెండి. చిల్లు అర మిల్లీమీటరు జరిగితే చాలు, కేంద్రానికి 60 మి.మీ. దూరంలో శ్రుతి 0.8 శాతం అటూ ఇటూ పోతుంది. అంచు దగ్గర అందులో సగం కూడా ఉండదు. మొదటి కీర్తన నన్ను మోసం చేసింది అందుకే. డ్రమ్ముల మోతలో ఈ లోపం దాక్కుంటుంది. వేణువులో, వీణలో దానికి చోటేదీ?

షాపతను మర్యాదగా మార్చి ఇచ్చాడు. రెండోదీ అంతే. స్టాంపరు అనే లోహపు అచ్చును మధ్యకు సరిగ్గా కుదర్చకపోతే దానితో ఒత్తినవన్నీ అలాగే వస్తాయి. డబ్బు వెనక్కి తీసుకున్నాను.

ఆ ఆదివారం అమ్‌కార్ప్‌లో, కలకత్తా డమ్‌డమ్‌లో ఒత్తిన పాత హెచ్.ఎం.వి. ఎల్.పి. ఒకటి దొరికింది. నిండా గీతలు, చిటపటలు. శ్రుతి మాత్రం కదల్లేదు.