ఆ కుక్కకు తగిన ఇల్లు ఏది?

"సిస్టరుగారూ, మా ఇంట్లో కుక్కను పెంచుకోవచ్చా?" అని నేను నర్సుగా పనిచేసిన రోజుల్లో చాలామంది అడిగేవారు. పిల్లలకు తోడుగా ఉంటుందని కొందరు, ఒంటరిగా ఉన్న పెద్దవారికి కాలక్షేపమని మరికొందరు అనేవారు. "శుభ్రంగా ఉంచి, టీకాలు వేయిస్తే పెంచుకోవచ్చు" అని నేను జవాబు చెప్పేదాన్ని. ఆ జవాబు తప్పు కాదు గాని, అందులో సగమే ఉందని 2023లో ఇంగ్లాండులో ఒక కుక్క వల్ల తెలుసుకున్నాను. మా అమ్మాయి ఆ కుక్కను దత్తత అడిగింది. వాళ్ళు ఇవ్వలేదు.

రెండు ఇళ్ళు మారిన జెస్

ఆ వేసవిలో ఉత్తర ఇంగ్లాండులో ఉంటున్న మా అమ్మాయి దగ్గరకు వెళ్ళాను. అమ్మాయి అక్కడ ఆసుపత్రిలో పనిచేస్తుంది, అల్లుడిది ఆఫీసు ఉద్యోగం. మనవడికి అప్పటికి నాలుగేళ్ళు. "అమ్మమ్మా, మనింటికి జెస్ వస్తోంది" అని వాడు విమానాశ్రయంలోనే చెప్పాడు.

జెస్ బోర్డర్ కోలీ జాతి కుక్క. నల్లని ఒళ్ళు, మెడ చుట్టూ తెల్లని పట్టీ. వయసు మూడేళ్ళు. 2020లో లాక్‌డౌన్ సమయంలో ఎవరో కూన చూడముచ్చటగా ఉందని కొనుక్కున్నారట. ఆఫీసులు తెరిచాక అది రోజంతా ఫ్లాటులో ఒంటరిగా ఉండిపోయింది. సోఫా చింపింది, తలుపు గీకింది, ఇరుగుపొరుగు ఫిర్యాదు చేసేలా మొరిగింది. చివరికి కుక్కల ఆశ్రయానికి చేరింది. అక్కడి నుంచి తీసుకున్న రెండో కుటుంబం రెండు నెలల్లోనే వెనక్కి తెచ్చి ఇచ్చింది. ఇంట్లో పరుగెత్తుతున్న చిన్నపిల్ల మడమను పళ్ళతో పట్టుకుందని కారణం చెప్పారు.

మా అమ్మాయికి ఈ కథ విని జాలి వేసింది. "మనం ప్రేమగా చూసుకుంటే అదే మారుతుందమ్మా" అంది. నాకూ నిజమే అనిపించింది.

ఇల్లు చూడడానికి వచ్చిన ఆమె

అక్కడ ఆశ్రయంవారు కుక్కను ఇచ్చేముందు ఒకరిని ఇంటికి పంపి చూస్తారు. మన దగ్గర పెళ్ళిచూపులకు ముందు పెద్దలు వెళ్ళి విచారించి వచ్చినట్టే అనుకోండి. దాదాపు అరవై ఏళ్ళ ఒక స్వచ్ఛంద సేవకురాలు వచ్చింది. నేను చేసిన గారెలు తింటూనే ఒక్కొక్క ప్రశ్న అడిగింది. రోజుకు ఎన్ని గంటలు ఇంట్లో ఎవరూ ఉండరు? నైట్ డ్యూటీ చేసి వచ్చిన రోజు దాన్ని బయట ఎవరు తిప్పుతారు? సెలవులకు ఇండియా వెళితే ఎవరి దగ్గర ఉంచుతారు? పెరట్లోకి వెళ్ళి కంచెను చేత్తో నెట్టి చూసింది. మా మనవడు ఇంట్లో ఈ గది నుంచి ఆ గదికి కేకలు వేస్తూ పరుగెత్తుతుంటే కాసేపు వాణ్ణే చూస్తూ కూర్చుంది.

రెండు రోజుల తరువాత ఫోన్ వచ్చింది. జెస్‌ను మీకు ఇవ్వలేము అన్నారు.

నాకు చాలా కోపం వచ్చింది. మా ఇంట్లో ఏం తక్కువ? ఒకవేళ పరాయి దేశంవాళ్ళమని ఇవ్వలేదా? అమ్మాయి మళ్ళీ ఫోన్ చేసి అడిగింది. ఆ సేవకురాలు ఓపికగా చెప్పిన మాటల సారాంశం ఇది: "మీది మంచి ఇల్లు. కాని ఈ కుక్కకు తగిన ఇల్లు కాదు. జెస్ మళ్ళీ ఒక పిల్లవాడి మడమ పట్టుకుంటే మీ బాబుకు గాయమవుతుంది, దానికి మూడో ఇల్లు కూడా పోతుంది. ఆ తరువాత దాన్ని తీసుకునేవారు దొరకరు."

పని కోసం పెంచిన జాతి

ఆమె మాట అర్థం కావాలంటే ఈ జాతి గురించి కొంత తెలియాలి. ఇంగ్లాండు, స్కాట్లాండుల సరిహద్దు కొండల్లో గొర్రెల మందలు ఎక్కువ. "బోర్డర్" అనే పేరు ఆ సరిహద్దును బట్టే వచ్చింది. 1893లో నార్తంబర్లాండులో ఆడమ్ టెల్ఫర్ అనే ఆయన దగ్గర హెంప్ అనే కుక్క పుట్టింది. అది అరవకుండా, మీద పడకుండా, కేవలం చూపుతో గొర్రెలను నడిపేదట. నేటి బోర్డర్ కోలీలలో చాలా భాగం దాని సంతతే. 1906లో గొర్రెల కుక్కల కోసం ఒక అంతర్జాతీయ సంఘం ఏర్పడింది. అప్పటి నుంచి ఈ కుక్కలను అందం చూసి కాక పని చూసి ఎన్నుకుంటూ వచ్చారు.

మన పల్లెల్లోనూ గొర్రెల కాపరి వెంట కుక్క ఉంటుంది. అది ఎక్కువగా కాపలాకే. మందను తోలేది కాపరే. బోర్డర్ కోలీ అలా కాదు. కాపరి ఈల వింటూ మైలు దూరం పరుగెత్తి, మందను చుట్టుముట్టి, నేలకు వంగి కన్నార్పకుండా చూస్తూ గొర్రెలను తీసుకువస్తుంది. మందలో నుంచి తప్పిపోయేదాని మడమ దగ్గర పళ్ళు ఆడించి వెనక్కి మళ్ళిస్తుంది.

ఇక తెలివి సంగతి. అమెరికాలో జాన్ పిల్లీ అనే విశ్రాంత ఆచార్యుడు ఛేజర్ అనే బోర్డర్ కోలీకి 1,022 బొమ్మల పేర్లు నేర్పాడు. పేరు చెబితే అది ఆ బొమ్మనే తెచ్చేది. ఈ పరిశోధన 2011లో అచ్చయింది.

ఇంత తెలివి, ఇంత ఉత్సాహం ఉన్న జీవిని ఫ్లాటులో బంధిస్తే ఏమవుతుంది? అది తన పని తానే వెదుక్కుంటుంది. సైకిళ్ళు, కార్లు, పరుగెత్తే పిల్లలు దాని కంటికి మందలాగే కనబడతారు. జెస్ ఆ పిల్లను కరవాలని కరవలేదు, మందలోకి మళ్ళించబోయింది. కాని పిల్లకు గాయం గాయమే. పిల్లలున్న ఇళ్ళ నుంచి ఈ జాతి కుక్కలు వెనక్కి రావడానికి ఇది ఒక ముఖ్య కారణం.

తగిన ఇంటిని ఎలా వెదికారు?

ఆ తరువాత అమ్మాయికి, నాకు ఆ సేవకురాలితో స్నేహం కుదిరింది. జెస్ విషయంలో వాళ్ళు చేసినవన్నీ ఆమె ద్వారా తెలిసాయి.

మొదట పశువైద్యునితో పూర్తి పరీక్ష చేయించారు. టీకాలు వేయించి, పిల్లలు పుట్టకుండా ఆపరేషన్ చేయించారు. మెడ దగ్గర చర్మం కింద పెట్టే మైక్రోచిప్‌లో వివరాలు మార్పించారు. ఇంగ్లాండులో 2016 నుంచి ప్రతి కుక్కకూ ఈ చిప్ తప్పనిసరి.

రెండోది, దాన్ని ఆశ్రయం గదిలో ఉంచక, ఈ జాతి గురించి తెలిసిన ఒకరి ఇంట్లో ఆరు వారాలు ఉంచారు. బోనులో కనబడే స్వభావం వేరు, ఇంట్లో కనబడే స్వభావం వేరు. కుక్కరు ఈల వేస్తే బల్ల కింద దూరుతుందా? ఒంటరిగా ఎంతసేపు ఉండగలదు? తిండి గిన్నె దగ్గరకు ఎవరైనా వస్తే గుర్రుమంటుందా? ఇవన్నీ రాసి పెట్టుకున్నారు.

మూడోది, ఆ రాతను బట్టి ఇంటిని వెదికారు. చిన్నపిల్లలు లేని ఇల్లు, రోజులో ఎక్కువసేపు ఎవరో ఒకరు ఉండే ఇల్లు, గట్టి కంచె, ఇంతకుముందు కోలీని పెంచిన అనుభవం కావాలనుకున్నారు.

"అయితే గొర్రెలున్న రైతుకే ఇవ్వవచ్చు కదా?" అని నేను అడిగాను. అందరూ ఇదే అడుగుతారని ఆమె నవ్వింది. కోలీగా పుట్టినంత మాత్రాన గొర్రెలను తోలడం రాదట. శిక్షణ లేని కుక్క మందను బెదరగొట్టి చెల్లాచెదురు చేస్తుంది. జెస్‌కు గొర్రెలంటే భయం కూడా ఉంది. దానికి కావలసింది మంద కాదు, బుద్ధికి పని. దాచిన వస్తువును వాసన పట్టి వెదకడం, మాట విని ఆగడం, అడ్డంకులు దాటే ఆట వంటివి దానికి చాలు. రోజంతా బంతి విసిరితే అలసిపోయి పడుకుంటుందని చాలామంది అనుకుంటారు. అలా చేస్తే ఈ జాతి కుక్క మరింత ఉద్రేకపడుతుందట. ఊరికే పడుకుని ఉండడం కూడా దానికి నేర్పవలసిన పాఠమే.

చివరికి యాభై దాటిన ఒక జంట దొరికారు. వారి పిల్లలు పెద్దవాళ్ళయి వెళ్ళిపోయారు. వారి ముసలి కోలీ కిందటి ఏడాది చనిపోయింది. వారు మూడుసార్లు వచ్చి జెస్‌తో నడిచారు. తరువాత కొన్ని వారాలు పరీక్షగా తీసుకువెళ్ళారు. ఏ కారణం చేతనైనా ఉంచుకోలేకపోతే మరెవరికీ ఇవ్వకుండా ఆశ్రయానికే తిరిగి అప్పగిస్తామని సంతకం పెట్టారు.

కొత్త ఇంట్లో కుక్క కుదురుకోవడానికి అక్కడివారు ఒక లెక్క చెబుతారు. బెదురు తగ్గడానికి మూడు రోజులు, ఇంటి పద్ధతి తెలియడానికి మూడు వారాలు, ఇది నా ఇల్లు అనుకోవడానికి మూడు నెలలు. అన్ని కుక్కలకూ ఇదే లెక్క కుదరదు గాని, వారం రోజులకే విసిగిపోయేవారికి ఇది మంచి మాట. జెస్ మాత్రం రెండు వారాలు మెట్ల కిందే పడుకుందట. క్రిస్మస్ నాటికి సోఫా మీదికి చేరింది.

మీరు కుక్కను తెచ్చుకునే ముందు

మన నగరాల్లోనూ చలి దేశాల కుక్కలను ముచ్చటపడి కొని, ఏడాది తిరగకముందే వదిలేసేవారు ఉన్నారు. కూనగా ఉన్నప్పుడు మురిపెంగా తెచ్చి, పెద్దదయ్యాక వీధిలో విడిచినవారూ ఉన్నారు. వీధి కుక్కపిల్లను తెచ్చుకున్నా, ఎవరో వదిలేసిన పెద్ద కుక్కను తెచ్చుకున్నా, ముందుగా ఇంట్లో అందరూ కూర్చుని ఈ విషయాలు మాట్లాడుకోండి.

1. ఉదయం, సాయంత్రం దాన్ని బయట తిప్పేది ఎవరు? "పిల్లలు తిప్పుతారు" అనవద్దు. పరీక్షలు రాగానే ఆ పని అమ్మ మీద పడుతుంది.

2. ఆ కుక్కకు మన వాతావరణం సరిపడుతుందా? ఒత్తుగా బొచ్చు ఉన్న కుక్కకు మన ఎండాకాలంలో వడదెబ్బ తగలవచ్చు. మన ఊరి కుక్క ఈ ఎండకు అలవాటు పడినది. వీలైతే దాన్నే తెచ్చుకోండి.

3. ఇంట్లో ఉబ్బసం, అలర్జీ ఉన్నవారు ఉంటే ముందుగా ఆ కుక్క దగ్గర కొన్నిసార్లు గడిపి చూడండి. క్యాన్సరు చికిత్సలో ఉన్నవారు, రోగనిరోధక శక్తి తగ్గినవారు తమ డాక్టరును అడిగి నిర్ణయించుకోవాలి.

4. ముసలివారున్న ఇంటికి గొలుసు లాగే పడుచు కుక్క వద్దు. పడితే తుంటి ఎముక విరుగుతుంది. నెమ్మదైన, వయసు మళ్ళిన కుక్క మేలు.

5. అయిదారేళ్ళ లోపు పిల్లలను, కుక్కను, అది ఎంత మంచిదైనా, పెద్దలు లేకుండా ఒకే చోట వదలవద్దు. తింటున్న కుక్కను, నిద్రపోతున్న కుక్కను ముట్టుకోకూడదని పిల్లలకు నేర్పండి.

6. మూడు నెలల వయసులో రేబిస్ టీకా వేయించి, ఆ తరువాత పశువైద్యుడు చెప్పిన ప్రకారం మళ్ళీ మళ్ళీ వేయించండి. నులిపురుగుల మందు వేయండి. కుక్కను ముట్టుకున్నాక పిల్లల చేతులు సబ్బుతో కడిగించండి. పిడుదులకు ఐవర్‌మెక్టిన్ వంటి మందులను సొంతంగా వాడవద్దు. కోలీ జాతి కుక్కల్లో కొన్నింటికి అది ప్రాణాంతకం.

కుక్క కరిస్తే

బ్రిటన్‌లో కుక్కలకు రేబిస్ లేదు. మనకు ఉంది. ఈ వ్యాధి లక్షణాలు బయటపడ్డాక దాదాపు ఎవరూ బతకరు. కాని సకాలంలో టీకాలు వేయించుకుంటే రాకుండా ఆపవచ్చు. పెంపుడు కుక్క కరిచినా, గీరినా, వెంటనే పంపు కింద సబ్బుతో 15 నిమిషాలు గాయాన్ని కడగండి. పసుపు, కారం, సున్నం, పసరు పూయవద్దు. అదే రోజు ఆసుపత్రికి వెళ్ళండి. బొడ్డు చుట్టూ 14 ఇంజెక్షన్ల కాలం పోయింది. ఇప్పుడు చేతికే వేస్తారు. చర్మంలోకి వేస్తే 0, 3, 7, 28 రోజుల్లో, కండకు వేస్తే 0, 3, 7, 14, 28 రోజుల్లో వేయించుకోవాలి. రక్తం వచ్చిన గాయమైతే గాయం చుట్టూ ఇమ్యునోగ్లోబ్యులిన్ కూడా అవసరం. నొప్పి తగ్గిందని మధ్యలో మానవద్దు.

చివరి మాట

2024లో ఆ సేవకురాలే మా అమ్మాయికి ఫోన్ చేసింది. ఎనిమిదేళ్ళ కుక్క ఒకటి వచ్చిందట. యజమాని వృద్ధాశ్రమానికి వెళ్ళిపోయాడు. మనవల మధ్య పెరిగింది. రోజుకు రెండుసార్లు నడిస్తే చాలు, మిగతా సమయం నిద్రే. అప్పటికి అమ్మాయికి నైట్ డ్యూటీలు తగ్గాయి, మనవడు బడికి వెళుతున్నాడు. ఆ కుక్క ఇప్పుడు మా వాళ్ళ ఇంట్లోనే ఉంది. వీడియో కాల్‌లో మనవడు దాన్ని చూపించినప్పుడల్లా నాకు ఆరోజు వచ్చిన కోపం గుర్తుకొచ్చి సిగ్గు వేస్తుంది. ఆమె ఆరోజు "సరే" అని ఉంటే మాకు సంతోషంగానే ఉండేది, కొన్ని వారాలపాటు. ఆమె కాదనడం వల్ల జెస్‌కు ఇల్లు దొరికింది, మా బాబుకు గాయం తప్పింది.

కాబట్టి మీ ఇంటికి కుక్కను తెచ్చేముందు "మాకు ఇది కావాలా?" అని ఒకసారి అడగండి. "దీనికి మేము తగుదుమా?" అని రెండుసార్లు అడగండి.