కంపెనీ ఇచ్చిన విండోస్‌ని ఎక్కడ దాచాలి?

2025 అక్టోబర్ 14న విండోస్ 10కి మైక్రోసాఫ్ట్ మద్దతు ముగిసింది. ఆ రోజు ఏ కంప్యూటరూ ఆగిపోలేదు గానీ, భద్రతా అప్‌డేట్లు మామూలుగా రావడం మాత్రం ఆగింది. విండోస్ 11కి మారదామంటే టీపీఎం 2.0 అనే భద్రతా సదుపాయం ఉండాలి. ప్రాసెసర్ ఇంటెల్‌దైతే దాదాపుగా ఎనిమిదో తరం నుంచే అనుమతి. 2015, 2016ల్లో కొన్న ల్యాప్‌టాప్‌లు చాలావరకు ఆ గడప దగ్గరే నిలబడిపోయాయి. వాటిలో ఎన్నిటికో కీబోర్డు బాగానే ఉంది, స్క్రీన్ బాగానే ఉంది. పాత సామాన్లవాడికి వేయడానికి మనసొప్పదు. అలాంటి వాటికి లినక్స్ మంచి ఆసరా. మింట్, ఉబుంటు, జోరిన్ లాంటివి పైసా ఖర్చు లేకుండా దొరుకుతాయి. ముందు పెన్‌డ్రైవ్ నుంచే నడిపి, వైఫై, సౌండ్ పనిచేస్తున్నాయో లేదో చూసుకోవచ్చు. నచ్చాకే ఎక్కించుకోవచ్చు.

ఎక్కించడం ఇప్పుడు అరగంట పని. అంత తేలికైపోవడమే చిక్కు తెచ్చింది. ఇన్‌స్టాలర్ మధ్యలో ఒక తెర వచ్చి, డిస్క్ మొత్తం తుడిచి లినక్స్ వేయాలా, విండోస్ పక్కన సర్దాలా, లేక జాగా మీరే పంచుకుంటారా అని అడుగుతుంది. మొదటిదే అన్నిటికంటే సులువుగా కనిపిస్తుంది. దాన్ని ఎంచుకుని సరే అన్నాక డిస్క్ మీది పార్టిషన్ల పట్టిక చెరిగిపోవడానికి కొన్ని సెకన్లు చాలు. అప్పుడు పోయేది సి డ్రైవ్ ఒక్కటే కాదు.

ఇంకేం పోతాయో తెలియాలంటే ఒక మామూలు విండోస్ 11 ల్యాప్‌టాప్‌లో డిస్క్ మేనేజ్‌మెంట్ తెరిచి చూడాలి. పెట్టె మీద 512 జీబీ అని ఉంటుంది, ఇక్కడ 476 జీబీ కనిపిస్తుంది. ఇందులో మోసం లేదు. తయారీదారు వెయ్యితో లెక్కకడతాడు, విండోస్ 1024తో లెక్కకడుతుంది. ఆ 476లో మొదట 100 నుంచి 260 ఎంబీ దాకా ఉండే చిన్న ముక్క ఒకటి. అది ఈఎఫ్ఐ పార్టిషన్. స్విచ్ నొక్కగానే విండోస్‌ని లేపే ఫైళ్లు అందులోనే ఉంటాయి. తర్వాత పెద్దది సి. చివర్లో కొన్ని వందల ఎంబీల నుంచి 1 జీబీ దాకా ఒక రికవరీ పార్టిషన్. విండోస్ లేవనని మొండికేసినప్పుడు వచ్చే నీలం రంగు రిపేరు మెనూ అక్కడి నుంచే వస్తుంది. కొన్ని కంపెనీలు వీటికి తోడు 10, 20 జీబీల సొంత పార్టిషన్ ఒకటి పెట్టి, ల్యాప్‌టాప్‌ని కొన్ననాటి స్థితికి తెచ్చే సరంజామా అంతా అందులో సర్దుతాయి. వీటన్నిటి మధ్య 16 ఎంబీల మరో ముక్క కూడా ఉంటుంది. మైక్రోసాఫ్ట్ తనకోసం అట్టిపెట్టుకున్న జాగా అది. డిస్క్ మేనేజ్‌మెంట్ దాన్ని చూపించనే చూపించదు.

ఫైళ్లన్నీ ఎక్స్‌టర్నల్ డిస్క్‌లోకి కాపీ చేసుకున్నాం, ఇంక భయం లేదు అనుకునేవాళ్లు ఈ అమరికని మర్చిపోతారు. ఫొటోలూ డాక్యుమెంట్లూ కాపీ చేయడం తప్పనిసరి, అది వేరే పని. సి డ్రైవ్‌లోని ఫోల్డర్లన్నీ అలాగే ఎత్తి ఇంకోచోట పెట్టి, మళ్లీ తెచ్చి పోస్తే మాత్రం విండోస్ లేవదు.

ఇక్కడ ఒక నమ్మకాన్ని సరిచేయాలి. కంపెనీ విండోస్ పోతే లైసెన్స్ కూడా పోతుందని చాలామంది భయం. విండోస్ 7 కాలంలో ఆ భయానికి అర్థం ఉండేది. ల్యాప్‌టాప్ అడుగున 25 అక్షరాల కీ ముద్రించిన స్టిక్కర్ ఉండేది. రెండేళ్ల వేడికీ రాపిడికీ ఆ అక్షరాలు అరిగిపోయేవి. 2012లో విండోస్ 8తో పద్ధతి మారింది. కీని తయారీదారే మదర్‌బోర్డు మీది ఫర్మ్‌వేర్‌లో రాసి పంపుతున్నాడు. డిస్క్ తుడిచినా, మార్చినా అది చెక్కుచెదరదు. మైక్రోసాఫ్ట్ సైట్ నుంచి మీడియా క్రియేషన్ టూల్ దించుకుని, 8 జీబీ పెన్‌డ్రైవ్‌లో విండోస్ వేసుకుని ఇన్‌స్టాల్ చేస్తే, ఇన్‌స్టాలర్ తానే ఆ కీ చదువుకుని తగిన ఎడిషన్ ఎంచుకుంటుంది. మన దగ్గర అమ్మే ల్యాప్‌టాప్‌లలో చాలావాటికి అది హోమ్ సింగిల్ లాంగ్వేజ్. ఎవరైనా ‘ప్రో వేసిస్తాం’ అని ఊరించినప్పుడు ఇది గుర్తుండాలి. అసలైన లైసెన్స్ ఉన్న యంత్రం మీద దొంగ లైసెన్స్ వేయించుకోవడం అంటే అదే.

అంటే విండోస్ మళ్లీ దొరుకుతుంది. మరి దాచుకోవాల్సింది ఏమిటి? ఆ మోడల్‌కి కంపెనీ కుదిర్చిన డ్రైవర్లు, ఫంక్షన్ మీటల సాఫ్ట్‌వేర్, వేలిముద్ర రీడర్ అమరిక, స్క్రీన్ రంగుల ప్రొఫైల్, రిపేరు మెనూ. ఇవన్నీ ఒక్కొక్కటిగా వెతుక్కుని పెట్టుకోవచ్చు గానీ ఒక ఆదివారం పూర్తిగా పోతుంది. డెల్, హెచ్‌పీ, లెనోవో కంపెనీలకు ఇందుకోసం డౌన్‌లోడ్ సదుపాయాలున్నాయి. సీరియల్ నంబరో మోడల్ వివరాలో ఇస్తే ఆ యంత్రానికి తగిన రికవరీ పెన్‌డ్రైవ్ తయారు చేసుకోవచ్చు. అన్ని మోడళ్లకూ ఇది ఉండదు కాబట్టి, ఉందో లేదో ముందే చూసుకోవడం మేలు. విండోస్‌లోనే రికవరీ డ్రైవ్ తయారుచేసే సాధనం కూడా ఉంది. 32 జీబీ పెన్‌డ్రైవ్ ఇస్తే ఇబ్బంది పడకుండా పని ముగిస్తుంది. మన ఫైళ్లను మాత్రం అది ముట్టుకోదు.

కంపెనీ ఇచ్చినదంతా బంగారమని కూడా అనుకోనక్కర్లేదు. 2014 చివర్లో అమ్మిన కొన్ని లెనోవో ల్యాప్‌టాప్‌లలో సూపర్‌ఫిష్ అనే ప్రకటనల సాఫ్ట్‌వేర్ ముందే ఎక్కించి ఉందని 2015 ఫిబ్రవరిలో బయటపడింది. అది బ్రౌజర్‌కీ బ్యాంకు సైట్‌కీ మధ్య దూరగలిగేలా తన సొంత సర్టిఫికెట్‌ని విండోస్‌లో నాటింది. 2017లో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో లెనోవో ఒప్పందానికి రావాల్సి వచ్చింది. ఆ రోజుల్లో కంపెనీ స్థితిని పదిలంగా దాచుకున్నవాళ్లు ఆ దొంగనీ పదిలంగానే దాచుకున్నారు.

పాత ల్యాప్‌టాప్‌లది ఇంకో కథ. అప్పటి ఎంబీఆర్ అనే పార్టిషన్ల పట్టిక పద్ధతిలో ఒక డిస్క్‌కి నాలుగు ప్రైమరీ పార్టిషన్లే హద్దు. విండోస్ 7తో వచ్చిన హెచ్‌పీ ల్యాప్‌టాప్‌లు చాలావాటిలో ఆ నాలుగూ కంపెనీయే వాడేసేది: సిస్టమ్, సి, రికవరీ, చివర 100 ఎంబీల హెచ్‌పీ టూల్స్. సి ని కుదించి లినక్స్‌కి 50 జీబీ ఖాళీ చేసినా, ఇన్‌స్టాలర్ ఆ జాగాని వాడలేనని చెప్పేది. దేన్నో ఒకదాన్ని తీసేయాలి. పేరు చూసి ‘రికవరీ, దీంతో మనకేం పని’ అని దాన్నే తీసేసినవాళ్లు తక్కువేం కాదు. కొన్న కొత్తలో రికవరీ డీవీడీలు రాసుకోండని తెర మీద పదేపదే వచ్చిన సందేశాన్ని పట్టించుకున్నవాళ్లు బతికిపోయారు. ఇప్పటి జీపీటీ పద్ధతిలో విండోస్ 128 పార్టిషన్ల దాకా ఒప్పుకుంటుంది, ఆ ఇరుకు పోయింది.

దాని బదులు కొత్త ఇరుకు వచ్చింది. 2024లో వచ్చిన విండోస్ 11 24హెచ్2 నుంచి, హోమ్ ఎడిషన్‌లో కూడా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌తో మొదటిసారి సెటప్ చేయగానే డిస్క్ దానంతటదే ఎన్‌క్రిప్ట్ అయ్యే ల్యాప్‌టాప్‌లు పెరిగాయి. యజమానికి ఆ సంగతి తెలియకపోవచ్చు. లినక్స్ కోసమని బయోస్‌లో సెక్యూర్ బూట్ ఆపగానే, తర్వాతిసారి తెరిచినప్పుడు విండోస్ నీలం తెర మీద 48 అంకెల బిట్‌లాకర్ కీ అడుగుతుంది. ఆ కీ సాధారణంగా మైక్రోసాఫ్ట్ అకౌంట్‌లో ఉంటుంది. ఏ అకౌంట్‌తో సెటప్ చేశారో గుర్తుండాలి, షాపువాళ్లు తమ మెయిల్‌తో చేసిచ్చి ఉంటే అది వేరే తలనొప్పి. అందుకని మరే పనీ మొదలుపెట్టకముందు సెట్టింగ్స్‌లో డివైస్ ఎన్‌క్రిప్షన్ ఉందేమో చూసి, ఆ కీని కాగితం మీద రాసుకోవాలి. తర్వాత ఎన్‌క్రిప్షన్ ఆపేసి, చార్జర్ పెట్టి, పూర్తిగా విప్పుకునేదాకా ఆగాలి. ఎన్‌క్రిప్ట్ అయి ఉన్న పార్టిషన్‌లో ఏది ఫైలో ఏది ఖాళీయో బ్యాకప్ సాధనానికి తెలియదు. అప్పుడు 60 జీబీ కాపీ చేయాల్సిన చోట 475 జీబీ కాపీ చేయాల్సి వస్తుంది.

ఫాస్ట్ స్టార్టప్‌ని కూడా ఆపాలి. అది ఉన్నంతకాలం షట్‌డౌన్ నొక్కినా విండోస్ పూర్తిగా నిద్రపోకుండా ఒక కన్ను తెరిచి పడుకుంటుంది, ఆ డ్రైవ్‌ని ముట్టుకోవడానికి లినక్స్ సాధనాలు ఒప్పుకోవు. షిఫ్ట్ పట్టుకుని షట్‌డౌన్ నొక్కినా సరిపోతుంది.

కొత్త ల్యాప్‌టాప్ అయితే ఇంకొకటుంది. మన మార్కెట్లో చాలా మోడళ్లతో ఎంఎస్ ఆఫీస్ కలిపి ఇస్తారు. ఆ హక్కు దక్కాలంటే ఒకసారి కంపెనీ విండోస్‌లోనే ఆఫీస్ తెరిచి, మైక్రోసాఫ్ట్ అకౌంట్‌కి ముడిపెట్టుకోవాలి. వేల రూపాయల సరుకు అది. లినక్స్ ఉత్సాహంలో దాన్ని యాక్టివేట్ చేయకుండానే డిస్క్ తుడిచేసే విద్యార్థులుంటారు.

ఇక అసలు పని. డిస్క్‌ని ఉన్నదున్నట్టు ఇమేజ్‌గా తీసే ఉచిత సాధనాల్లో క్లోన్‌జిల్లా పేరున్నది. తైవాన్ జాతీయ హై పెర్ఫార్మెన్స్ కంప్యూటింగ్ కేంద్రంలో పుట్టింది. దాన్ని పెన్‌డ్రైవ్‌లో వేసి, ల్యాప్‌టాప్‌ని దాంతో బూట్ చేయాలి. మౌస్ ఉండదు, బాణం మీటలూ ఎంటరే. పాత బ్యాంకు కంప్యూటర్ల తెరలు గుర్తొస్తాయి. ముందు ఇమేజ్ ఎక్కడ పెట్టాలని అడుగుతుంది, అప్పుడు ఎక్స్‌టర్నల్ డిస్క్ తగిలించి దాన్ని చూపించాలి. ఆ డిస్క్ ఖాళీగా ఉండనక్కర్లేదు, పెళ్లి ఫొటోల ఫోల్డర్ పక్కనే ఇమేజ్ ఇంకో ఫోల్డర్‌గా కూర్చుంటుంది. తర్వాత బిగినర్ మోడ్, డిస్క్ మొత్తం సేవ్ చేయడం అనే ఎంపిక. ఆ తర్వాతి తెరలో ల్యాప్‌టాప్ డిస్క్ పేరూ సైజూ కనిపిస్తాయి. పేరు అర్థం కాకపోయినా సైజు చూసి పోల్చుకోవచ్చు.

మొదలయ్యాక ఈఎఫ్ఐ ముక్క రెప్పపాటులో అయిపోతుంది. కనిపించని 16 ఎంబీల ముక్క కూడా ఇందులో కనిపిస్తుంది. సి దగ్గరే సమయం పడుతుంది. వాడుతున్న భాగాన్ని మాత్రమే తీసుకుని కుదించి రాస్తుంది కాబట్టి, 60 జీబీ నిండిన విండోస్ అంతకంటే బాగా తక్కువ జాగాలో పడుతుంది. యూఎస్‌బీ 3 పోర్టులో పెడితే అరగంట అటూ ఇటూ, యూఎస్‌బీ 2లో పెడితే భోజనం చేసి రావచ్చు. ముగిశాక ఆ ఫోల్డర్ తెరిస్తే ఒక్కో పార్టిషన్‌కి ఇమేజ్ ఫైళ్లు, పార్టిషన్ల పట్టిక నకలు, ల్యాప్‌టాప్ హార్డ్‌వేర్ వివరాల చిట్టా ఉంటాయి. మౌస్ లేని తెరలంటే బెదిరేవాళ్లకి రెస్క్యూజిల్లా ఉంది. అదే తరహా ఇమేజ్‌లు తీస్తుంది, బటన్లతో నడుస్తుంది.

ఇల్లలకగానే పండగ కాదన్నట్టు, ఇమేజ్ తీయగానే బ్యాకప్ ఉన్నట్టు కాదు. అది తిరిగి ఎక్కుతుందో లేదో తెలియాలి. సేవ్ చేశాక సరిచూడమంటారా అని క్లోన్‌జిల్లా తానే అడుగుతుంది, సరేననడమే మంచిది. వీలైతే మరో ఎస్ఎస్‌డీ మీద ఎక్కించి చూడటం అసలైన పరీక్ష. ఎక్కించే డిస్క్ పాతదాని సైజుకి తగ్గకూడదు. ఎక్కించేటప్పుడు డిస్క్‌లో ఉన్నదంతా పోతుందని హెచ్చరించి, అవునంటే, మళ్లీ అడుగుతున్నానంటూ ఇంకోసారి నిలదీస్తుంది. ఆ చాదస్తాన్ని మెచ్చుకోవాలి.

ఇమేజ్‌కి అందనివీ ఉన్నాయి. 2017 డిసెంబర్‌లో ఉబుంటు 17.10 డౌన్‌లోడ్‌ని దాని తయారీ సంస్థ కెనానికల్ వెనక్కి తీసుకుంది. అందులోని ఒక ఇంటెల్ డ్రైవర్ కొన్ని ల్యాప్‌టాప్‌లలో, ముఖ్యంగా లెనోవో మోడళ్లలో, బయోస్‌ని పాడుచేసింది. సెట్టింగ్స్ మార్చినా నిలిచేవి కావు, కొన్నిట్లో పెన్‌డ్రైవ్‌తో బూట్ కావడమూ కష్టమైంది. బయోస్ ఉండేది మదర్‌బోర్డు మీది చిప్‌లో, డిస్క్ ఇమేజ్ దాకా అది రాదు. అందుకే బాగా కొత్తగా వచ్చిన విడుదలకి కొన్ని వారాలు ఆగడం తెలివైన పని. బయోస్ అప్‌డేట్ ఏదైనా ఉంటే విండోస్ ఉండగానే వేసుకోవడం కూడా మంచిది. లినక్స్ నుంచి ఫర్మ్‌వేర్ మార్చే సదుపాయం ఉన్నా, అన్ని కంపెనీలూ అన్ని మోడళ్లకూ ఇవ్వవు.

ఇంత తతంగం అక్కర్లేని పద్ధతి ఒకటుంది. కొన్ని వేలు ఖర్చు పెట్టగలిగితే, కంపెనీ ఎస్ఎస్‌డీని స్క్రూ విప్పి బయటికి తీసి, కవర్లో పెట్టి బీరువాలో దాచి, కొత్త ఎస్ఎస్‌డీ బిగించి దానిమీద లినక్స్ ఎక్కించుకోవచ్చు. కంపెనీ స్థితిలో ఒక్క బిట్ కూడా కదలదు. సర్వీస్ సెంటర్‌కి ఇవ్వాల్సి వచ్చినా, ఎవరికైనా అమ్మాల్సి వచ్చినా పాతది తిరిగి బిగిస్తే చాలు. సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ మార్కెట్ లాంటి చోట అడిగితే అక్కడే మార్చి ఇస్తారు. వెళ్లేముందు రెండు చూసుకోవాలి. చవక ల్యాప్‌టాప్‌లు కొన్నిట్లో స్టోరేజ్ మదర్‌బోర్డుకే అతికించి ఉంటుంది, విప్పడానికి ఏమీ ఉండదు. విప్పగలిగేవాటిలోనూ కొన్నిటికి 80 మిల్లీమీటర్ల పొడవున్న 2280 ఎస్ఎస్‌డీ పడుతుంది, కొన్నిటికి 30 మిల్లీమీటర్ల 2230 మాత్రమే పడుతుంది.