మంటల్లో మాట వినిపించాలంటే

పిల్లలూ, ఫైర్ ఇంజను వీధిలో దూసుకుపోతుంటే మీరు చూసే ఉంటారు. దాని నిచ్చెన, నీటిగొట్టాలు, సిబ్బంది తలల మీది హెల్మెట్లు అన్నీ మన కంటపడతాయి. కాని వాళ్ళ ప్రాణాలు కాపాడే వస్తువు ఒకటి మన కంటికి అంతగా ఆనదు. అది వాళ్ళ దగ్గర ఉండే చిన్న రేడియో.

పొగ కమ్మిన ఇంట్లోకి వెళ్ళినవాడికి తన చెయ్యి తనకే కనిపించదు. బయట ఉన్న అధికారి, "కప్పు కూలేటట్టున్నది, బయటికి రండి!" అని ఎంత అరిచినా లోపలికి వినపడదు. ఆ కబురు రేడియోలోనే అందాలి. అందుచేత ఆ రేడియో ఎటువంటిదై ఉండాలన్నది చిన్న ప్రశ్న కాదు. పాత పద్ధతి రేడియోలు ఉంచుకోవాలా, కొత్తవి కొనాలా అని అమెరికాలో మహానగరాలూ చిన్న ఊళ్ళూ కూడా తర్జనభర్జన పడ్డాయి. ఆ సంగతి తెలుసుకుందాం.

1928 లో డెట్రాయిట్ నగర పోలీసులు తమ కార్లలో రేడియోలు పెట్టుకున్నారు. అయితే కారులో ఉన్నవాళ్ళు కబురు వినగలరే గాని, జవాబు చెప్పటానికి వీలులేదు. 1933 లో న్యూజెర్సీ రాష్ట్రంలోని బేయోన్ పట్టణ పోలీసులకు ఆ సదుపాయం కూడా వచ్చింది. ఆ తరవాత అగ్నిమాపకదళాలూ, ఆంబులెన్సులూ రేడియో లేనిదే కదలని కాలం వచ్చింది.

ఆ రోజుల నుంచి వస్తున్న పాత పద్ధతిని అనలాగ్ అంటారు. మనం మాట్లాడితే గాలి కంపిస్తుంది. మైకు ఆ కంపనాలను విద్యుత్తుగా మారుస్తుంది. రేడియో తరంగం ఆ హెచ్చుతగ్గులను ఉన్నవి ఉన్నట్టుగా మోసుకుపోతుంది. దూరం పెరిగిన కొద్దీ బుస్సుమనే చప్పుడు ఎక్కువై, మాట సన్నగిల్లుతుంది. అయినా చెవి రిక్కించి వింటే రెండు ముక్కలైనా తెలుస్తాయి.

కొత్త పద్ధతి పేరు డిజిటల్. ఈ రేడియో లోపల ఒక గుమాస్తా కూర్చుని ఉన్నాడనుకోండి. మీరు మాట్లాడితే అతను విని, దాన్ని 0, 1 అనే అంకెలలో రాసి పంపుతాడు. అవతలి రేడియోలో మరొక గుమాస్తా ఆ అంకెలు చదివి, మీ మాటను తిరిగి పలుకుతాడు. దారిలో అంకెలు కొన్ని చెదిరినా అతను దిద్దుకోగలడు. అందుకే డిజిటల్ రేడియోలో బుస్సుమనే చప్పుడు ఉండదు. మాట గంటకొట్టినట్టు వినిపిస్తుంది. కాని అతను దిద్దుకోలేనన్ని తప్పులు వచ్చాయంటే, మాట సన్నగిల్లటం ఉండదు, ఒక్కసారిగా తెగిపోతుంది. మీ ఇంట్లో సెల్‌ఫోను మాట ముక్కలు ముక్కలై, ఉన్నట్టుండి ఆగిపోవటం మీరు ఎరిగినదే.

మరొక చిక్కు కూడా ఉన్నది. పెళ్ళిపందిట్లో డోలూ సన్నాయీ హోరెత్తిపోతున్నా, అమ్మ పిలిస్తే మీకు తెలుస్తుంది. ఎందుకంటే చప్పుళ్ళన్నీ మీ చెవికి చేరతాయి. అందులో అమ్మ గొంతును మీ మెదడు ఏరుకుంటుంది. మన గుమాస్తాకు అంత నేర్పు లేదు. అతను నేర్చినదల్లా మనిషి గొంతును అంకెలుగా రాయటమే. గొంతు పక్కనే రంపం మిషను గర్జిస్తుంటే, ఆ రెంటినీ కలిపి మనిషి మాట అనుకుని రాస్తాడు. అవతల వినపడేది అర్థం లేని గరగర.

అలా అని కొత్త రేడియో పనికిరానిదనుకోకండి. ఒకే తరంగాల పట్టీలో పాతవాటికంటే ఎక్కువ సంభాషణలు నడపవచ్చు. ఎవరు మాట్లాడుతున్నారో గుర్తు చూపించే ఏర్పాటు ఉంటుంది. పరాయివాళ్ళు వినకుండా మాటను రహస్యంగా పంపవచ్చు. జనం పెరిగి, తరంగాలకు గిరాకీ హెచ్చిన నగరాలకు ఇవన్నీ ఎంతో అవసరం.

ఇప్పుడు న్యూయార్క్ నగరానికి పోదాం. 2001 మార్చిలో అక్కడి అగ్నిమాపకదళం తన సిబ్బందికి కొత్త డిజిటల్ రేడియోలు పంచింది. కొద్దిరోజులు కాకముందే క్వీన్స్ అనే పేటలో ఒక ఇల్లు అంటుకున్నది. లోపల చిక్కుకున్న ఒక అగ్నిమాపక ఉద్యోగి రేడియోలో సహాయం కోసం పిలిచాడు. ఆ పిలుపు అక్కడే ఉన్న తోటివారికి వినపడలేదు. అదృష్టం కొద్దీ అతను బతికి బయటపడ్డాడు. అధికారులు కొత్త రేడియోలన్నీ వెనక్కు తీసుకుని, మళ్ళీ పాతవే ఇచ్చారు. కొత్తవాటిని సిబ్బంది పనిచేసే చోట సరిగా పరీక్షించకుండా పంచారని తరవాత విమర్శలు వచ్చాయి.

పాతవి తిరిగి వచ్చాయి గనక కథ సుఖాంతమయిందనుకుంటారేమో. కాలేదు.

అదే ఏడు సెప్టెంబరు 11 ఉదయం, ఉగ్రవాదులు చేజిక్కించుకున్న రెండు విమానాలు వరల్డ్ ట్రేడ్ సెంటర్ జంట మేడలను ఢీకొన్నాయి. ఒక్కొక్క మేడ 110 అంతస్తులు. అగ్నిమాపక సిబ్బంది బరువైన సామాను మోసుకుంటూ మెట్లెక్కారు. వారి చేతిలో ఉన్నవి పాత రేడియోలే. అంతెత్తు మేడలో ఉక్కునూ కాంక్రీటునూ దాటి పైకి పోయేంత బలం వాటికి లేదు. పైగా ఒకే దారిలో చాలామంది ఒక్కసారే మాట్లాడటంతో ఒకరి మాట మీద ఒకరి మాట పడిపోయింది.

ఆ మేడలలో రిపీటర్ అనే సాధనం ముందే అమర్చి ఉన్నది. నీరసంగా వచ్చిన మాటను విని, దాన్ని బలంగా మళ్ళీ పలకటం దాని పని. దానికి రెండు మీటలు నొక్కవలసి ఉండగా, ఆ ఉదయం ఒక్కటే నొక్కారు. దాంతో ఉత్తరపు మేడ కింద ఉన్న అధికారులు అది పనిచెయ్యటం లేదనుకుని విడిచిపెట్టారు. నిజానికి అది పనిచేస్తూనే ఉన్నది! దక్షిణపు మేడలో 78 వ అంతస్తు దాకా ఎక్కిన ఓరియో పామర్ అనే అధికారి ఆ దారిలోనే కిందివారితో మాట్లాడాడు.

9 గంటల 59 నిమిషాలకు దక్షిణపు మేడ కూలింది. ఉత్తరపు మేడలోని వారంతా దిగివచ్చెయ్యాలని అగ్నిమాపక అధికారి రేడియోలో ఆజ్ఞాపించాడు. కొందరు విని దిగివచ్చారు. కొందరు విని కూడా, ఇతరులకు సాయం చేస్తూ ఆగిపోయారు. కొందరికి ఆ మాట వినపడనే లేదు. ఆకాశంలో తిరుగుతున్న పోలీసు హెలికాప్టరు పైలటు ఉత్తరపు మేడ కూడా ఎంతోసేపు నిలవదని తన రేడియోలో హెచ్చరించాడు. పోలీసుల రేడియోలు వేరు, అగ్నిమాపకదళం రేడియోలు వేరు. ఆ హెచ్చరిక అగ్నిమాపక అధికారులకు అందలేదు. 10 గంటల 28 నిమిషాలకు రెండవ మేడా కూలింది. ఆ ఒక్కరోజున న్యూయార్క్ అగ్నిమాపకదళం 343 మందిని పోగొట్టుకున్నది.

మార్చిలో మాట అందనిది కొత్త రేడియోలో. సెప్టెంబరులో అందనిది పాత రేడియోలో. అందుచేత పాతదా, కొత్తదా అని మాత్రమే అడిగితే సరైన జవాబు దొరకదన్నమాట.

న్యూయార్క్ వాళ్ళు ఆ తరవాత ఏం చేశారో చూడండి. వెనక్కు తీసుకున్న ఆ రేడియోలనే సరిచేసి, పాత అనలాగ్ పద్ధతిలో మాట్లాడేటట్టు అమర్చి, 2003 లో మళ్ళీ సిబ్బందికి ఇచ్చారు. యంత్రం కొత్తది, మాట పంపే పద్ధతి పాతది! ఎత్తయిన మేడల కోసం అంతకంటే బలమైన రేడియో పెట్టెలను కూడా అధికారులకు సమకూర్చారు. ఎరిజోనా రాష్ట్రంలోని ఫీనిక్స్ అగ్నిమాపకదళం వారు కొత్త పద్ధతిని తమ ఊరి భవనాలలో పరీక్షించి చూసి, మంటల దగ్గర మాత్రం పాత పద్ధతినే ఉంచుకున్నారు.

2008 లో అమెరికా ప్రభుత్వ పరిశోధకులు కొలరాడో రాష్ట్రంలోని బౌల్డర్ నగరంలో ఒక పరీక్ష చేశారు. రంపం మిషను, ప్రమాద గంట వంటి చప్పుళ్ళ మధ్య పలికిన మాటలను రెండు రకాల రేడియోలలోనూ పంపి, వినేవారికి ఎన్ని మాటలు తెలిశాయో లెక్కకట్టారు. కొన్ని చప్పుళ్ళలో పాత పద్ధతే మెరుగని తేలింది. మరీ గట్టి చప్పుళ్ళలో రెండూ ఓడిపోయాయి. తయారీదారులు గుమాస్తాకు మెరుగైన శిక్షణ ఇవ్వటానికి, చప్పుడును వడకట్టే మైకులు పెట్టటానికి ఇటువంటి పరీక్షలే దారి చూపాయి. మైకును నోటికి దగ్గరగా పట్టుకుని మాట్లాడాలన్న చిన్న సంగతి కూడా శిక్షణలో చేరింది.

చిన్న ఊళ్ళ చిక్కు మరొక రకం. కొత్త రేడియో ఒక్కొక్కటి వేల డాలర్లు పలుకుతుంది. కొనకపోతే, కొత్తవి కొనుక్కున్న పక్క ఊరి దళం సాయానికి వచ్చినప్పుడు ఇద్దరూ మాట్లాడుకోవటం ఎలా? ఇటువంటి చిక్కు రాకుండా ఉండాలనే 1989 లో ప్రాజెక్ట్ 25 అనే ప్రయత్నం మొదలయింది. ఏ కంపెనీ డిజిటల్ రేడియో అయినా మరొక కంపెనీ దానితో మాట్లాడగలగాలనీ, అవసరమైతే పాత అనలాగ్ రేడియోతో కూడా మాట్లాడగలగాలనీ దాని ఉద్దేశం.

మీరూ ఒక చిన్న పరీక్ష చెయ్యవచ్చు. పెద్దవాళ్ళ అనుమతితో, వారిని దగ్గర ఉంచుకుని, మిక్సీ తిరుగుతుండగా సెల్‌ఫోనులో మీ స్నేహితుడికి పది మాటలు చదవండి. అతను విన్నవి రాసుకోవాలి. తరవాత ఫోను నోటికి దగ్గరగా పట్టుకుని మరొక పది చదవండి. ఆ పైన పక్క గదిలోకి పోయి ఇంకొక పది చదవండి. ఏసారి ఎన్ని మాటలు సరిగా చేరాయో లెక్క చూసుకోండి. ఏ అంగట్లోనూ దొరకని సమాచారం మీకు దొరుకుతుంది.

రేడియో కొనే ఊరి పెద్దలు చెయ్యవలసిన పని కూడా అదే. కార్యాలయంలో బల్ల మీద పెట్టి బాగా మోగుతున్నదని మురిసిపోకూడదు. తమ ఊరి నేలమాళిగలోకి, తమ ఊరి ఎత్తయిన మేడపైకి, పొగలోకి, హోరులోకి దాన్ని తీసుకుపోయి, లోపలి మనిషి "నన్ను కాపాడండి" అంటే బయటివాడికి వినపడుతుందో లేదో చూడాలి. వినపడిన రేడియోనే మంచి రేడియో.