ఫ్రిజ్ వెనుక కారే నీరూ అమానతే

నీటి దుబారా అనగానే మన దృష్టి కుళాయి మీదికి, వజూ చేసే చోటికి పోతుంది. ఫ్రిజ్ వెనుక గోడవారగా చేరే తడిని మాత్రం గుడ్డతో తుడిచి మరచిపోతాము. తలుపు దగ్గరే చల్లని నీరు, మంచుగడ్డలు ఇచ్చే పెద్ద ఫ్రిజ్‌లకు నీరందించేది పావు అంగుళం ప్లాస్టిక్ పైపు. అది కారితే వారాల తరబడి ఎవరి కంటా పడకపోవచ్చు.

శ్రీ సత్యసాయి జిల్లాలోని రామగిరి వంటి చోట ఇది చిన్న విషయం కాదు. పూర్వపు అనంతపురం జిల్లా వర్షాభావ ప్రాంతం. ఏడాది సగటు వర్షపాతం సుమారు 550 మిల్లీమీటర్లే. నీరు భూమిలోకి ఇంకిపోతే తిరిగి ఊటనీటిని తెచ్చివ్వగలవారెవరని దివ్యఖుర్ఆన్‌లోని 67వ సూరా ‘అల్ ముల్క్’ చివరి ఆయతు మనల్ని నిలదీస్తుంది. బోరు ఎండిన ఇంటివారికి ఆ ప్రశ్న బరువు వేరే చెప్పనక్కరలేదు.

ముందుగా నష్టాన్ని కొలవండి. కారేచోట గిన్నె ఉంచి పది నిమిషాలు చూడండి. 50 మిల్లీలీటర్లు చేరితే రోజుకు 7 లీటర్లకు పైగా, నెలకు 216 లీటర్లు పోతున్నట్లే. దైవప్రవక్త (సఅసం) ఒక ‘ముద్’ నీటితో వజూ చేసేవారని బుఖారీ, ముస్లిం హదీసు గ్రంథాల్లో ఉంది. ముద్ అంటే రమారమి ముప్పాతిక లీటరు. ఆ లెక్కన రోజూ దాదాపు పదిసార్ల వజూ నీరు నేలపాలవుతోంది.

తరువాత మూలం తెలుసుకోవాలి. పొడిచేతులతో ప్లగ్గు తీసి, పైపుకు నీరిచ్చే చిన్న కుళాయిని కట్టివేయండి. ప్లగ్గు దగ్గరే తడి ఉంటే దాన్ని తాకకుండా మెయిన్ స్విచ్ ఆపండి. నేలను బాగా తుడిచాక, విద్యుత్ భాగాలు పొడిగా ఉంటేనే ప్లగ్గు పెట్టి, కుళాయిని మాత్రం కట్టే ఉంచి ఒక పూట గమనించండి. మళ్లీ తడి రాకపోతే దోషం నీటి పైపుదే. వస్తే లోపలి మంచు కరిగిన నీరు పోయే రంధ్రం మూసుకుపోయి ఉండవచ్చు. పైపు లేని మామూలు ఫ్రిజ్ కారడానికి కూడా తరచూ ఇదే కారణం. ఆ రంధ్రంలో గోరువెచ్చని నీరు నిదానంగా పోస్తే చాలాసార్లు తెరుచుకుంటుంది. కత్తితో పొడవరాదు.

పైపు విషయంలో మొదట అతుకులు చూడండి. పొడి కాగితంతో ఒక్కొక్క అతుకును అద్దితే తడిచోటు తెలిసిపోతుంది. నొక్కి బిగించే అతుకైతే కుళాయి కట్టి, దాని అంచు వలయాన్ని లోపలికి నొక్కి పైపును లాగాలి. అరిగిన కొనను వంకర లేకుండా ఒక సెంటీమీటరు కోసి, గట్టిగా చివరిదాకా నెట్టాలి. పైపు మధ్యలో పగిలితే టేపు చుట్టడం వృథా, కొత్త పైపు వేయించాలి. ఫ్రిజ్‌ను గోడకు నెట్టేటప్పుడు పైపు నలగకుండా చూడాలి.

మరో కారణం చాలామందికి తట్టదు. ఫ్రిజ్ వెనుక ఉండే విద్యుత్ వాల్వు పూర్తిగా మూసుకోవడానికి తగిన నీటి ఒత్తిడి కావాలి. మిద్దె మీది ట్యాంకు నాలుగు మీటర్ల ఎత్తున ఉంటే దొరికే ఒత్తిడి 0.4 బార్ మాత్రమే. ఎన్నో ఫ్రిజ్‌లకు ఇది చాలదు. అప్పుడు వాల్వు గుండా చుక్కలు జారుతూనే ఉంటాయి. ఉప్పునీటి పొర పేరుకున్నా ఇంతే. వీటికి మెకానిక్‌ను పిలవడమే మేలు. పని ముగియగానే, అతని చెమట ఆరకముందే కూలి ఇవ్వడం ప్రవక్త (సఅసం) బోధ.

మేడ మీద ఉండేవారికి మరో బాధ్యత ఉంది. మన నిర్లక్ష్యం కింది ఇంటి పైకప్పులో చెమ్మగా దిగితే అది పొరుగువారి హక్కుకు భంగం. వారు అడిగేదాకా ఆగక మనమే తెలియజేసి, జరిగిన నష్టం పూడ్చాలి. అద్దె ఇంట్లో ఉంటే యజమానికి ఆ రోజే చెప్పాలి. దాచిపెట్టడం అమానత్‌కు తగదు.

నెలకొకసారి ఫ్రిజ్ వెనుక దీపం వేసి చూసే పనిని ఇంట్లోని పెద్ద పిల్లలకు అప్పగించండి. నీటిని కాపాడడం మాటలకన్నా ఇటువంటి పనులతోనే వారికి అలవడుతుంది. తన అనుగ్రహాలను వృథా చేయని దాసులలో అల్లాహ్ మనల్ని చేర్చుగాక! ఆమీన్.